రెండో వరస

ఫిబ్రవరి 3, సోమవారం

హాలు ఖాయమైంది. మార్చి ఇరవై రెండు, శనివారం సాయంత్రం. నాలుగు వందల సీట్లు. హాలు మేనేజరు ఫోన్ చేసి, "మీరొక్కరేనా సార్?" అని అడిగాడు. ఒక్కడినే అన్నాను. "డ్రమ్ములవీ ఉండవా?" ఉండవు. "పాడేవాళ్ళు?" ఎవరూ పాడరు. చివరికి, "పోన్లెండి, అదీ ఒక అనుభవమే" అన్నాడు. ఎవరికి అనుభవమో చెప్పలేదు.

మైకు వద్దన్నాను. శాస్త్రీయ గిటార్‌కు మైకు తగిలించడం మా గురువుగారికి గిట్టదు. "మరి వెనకాల కూర్చున్నవాళ్ళ సంగతేంటండీ?" అన్నాడు మేనేజరు. "నేను వాయించేదే వెనకాల వాళ్ళకి" అన్నాను. ఆ మాట బాగా కుదిరిందనిపించి, ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకు కూడా వినిపించాను. ఆవిడ గిన్నెలు తోముతోంది. "ముందు ఇవి కడిగి పెట్టండి" అంది. కుడిచెయ్యి ఎత్తి గోళ్ళు చూపించాను. గిటార్ పలికేది ఆ గోళ్ళతోనే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఈ ఇంట్లో ఒక గిన్నె తోమలేదు, ఒక సీసా మూత తియ్యలేదు. ఆవిడ ఆ గోళ్ళను సవతిని చూసినట్టు చూసి మళ్ళీ పనిలో పడింది.

పదకొండేళ్ళ తరవాత సొంత కచేరీ. భయమేమీ లేదు.

ఫిబ్రవరి 5

గురువుగారిని పిలవాలి.

ఫిబ్రవరి 6

రేపు వెళ్తాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

వెళ్ళలేదు. పొద్దున్నే పొగమంచు. ఇలాంటి వాతావరణంలో పెద్దాయన్ని కుర్చీలోంచి లేపి తలుపు దాకా నడిపించడం భావ్యం కాదు. నేనంతా ఆయన ఆరోగ్యం గురించే ఆలోచిస్తున్నాను.

ఫిబ్రవరి 11

సాయంత్రమంతా ట్రెమొలో సాధన చేశాను. బొటనవేలు కింద పాట నడుపుతుంటే, మిగతా మూడు వేళ్ళూ పై తీగ మీద ఒకదాని వెంట ఒకటి పడుతూనే ఉండాలి. వాన చినుకుల్లా ఉండాలంటారు. నా చేతిలో అది వడగళ్ళ వాన అని మా ఆవిడ అభిప్రాయం.

"అంత కోపం దేనికండీ దాని మీద?"

"కోపం కాదు. ధ్వని."

"ధ్వని మెల్లగా వాయిస్తే రాదా?"

మెల్లగా వాయిస్తే వంటింటి దాకా వినపడదని చెప్పాను. ఆవిడ ఈ మాటలన్నీ వంటింట్లోంచే అంటోందని కాసేపయ్యాక గమనించాను. కానీ మా వంటింటికి తలుపు లేదు. గురువుగారి వంటింటికి ఉంది.

ఆయనింట్లో పాఠం అలాగే జరిగేది. శిష్యుడు ముందు గదిలో కూర్చుని వాయించాలి. ఆయన వంటింట్లోకి వెళ్ళి మధ్య తలుపు వేసుకునేవారు. వాయించడం అయిందనిపించాక బయటికొచ్చి ఒక్క మాట అనేవారు. "వచ్చింది" అంటే ధ్వని తలుపు దాటినట్టు. "రాలేదు" అంటే మళ్ళీ వారం మళ్ళీ అదే. నాకంటే ముందు చేరిన పొడుగోడికి మొదటి నెలలోనే "వచ్చింది" అన్నారు. వాడిప్పుడు దేశదేశాలూ తిరిగి వాయిస్తున్నాడు. నేను ఏడేళ్ళు నేర్చుకున్నాను. ఏడేళ్ళూ "రాలేదు". చివరి రోజున మాత్రం ఇంకాస్త వివరంగా చెప్పారు: "నీ ధ్వని రెండో వరస దాటదురా." ఆ మాట పట్టుకుని బయటికొచ్చి స్కూల్లో గిటార్ మాస్టారి ఉద్యోగంలో చేరాను. ఇప్పటికీ అందులోనే ఉన్నాను.

నాకు కావలసింది ఆ ఒక్క మాట. చప్పట్లు ఎవరైనా కొడతారు.

ఒక సంగతి మాత్రం చెప్పుకోవాలి. నా తరవాత చేరినవాళ్ళలో ఒక్కరికి కూడా "వచ్చింది" అనిపించుకునే యోగం పట్టలేదు. కొన్నాళ్ళకు ఆయన విసుగెత్తి నేర్పడమే మానేశారు. అంటే కళ మాతోనే అడుగంటిపోయిందన్నమాట. ఇది తలుచుకున్నప్పుడల్లా చాలా బాధగా, కొంచెం హాయిగా ఉంటుంది.

ఫిబ్రవరి 17, సోమవారం

వెళ్ళాను. అయిదేళ్ళయింది ఆ గుమ్మం తొక్కి. బెల్లు కొట్టాను, కొట్టాను, ఎవరూ రాలేదు. తలుపు తోస్తే తెరుచుకుంది. ఆయన టీవీ ముందు కూర్చుని ఉన్నారు. తెర మీద ఎవరో నోరంతా తెరిచి పాడుతున్నారు. సౌండు పూర్తిగా తీసేసి ఉంది. పెద్దవాళ్ళ పద్ధతులే వేరు, పనికిమాలిన పాట చెవిన పడనివ్వరు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడేదాకా తలెత్తలేదు. చూసి ఉలిక్కిపడ్డారు.

"గురువుగారూ, వచ్చే నెల ఇరవై రెండున నా కచేరీ ఉందండీ."

"బాగానే ఉన్నాను. మోకాలే కొంచెం."

"మీరు తప్పకుండా రావాలి."

"అమ్మాయి కాలేజీకి వెళ్ళింది. సాయంత్రం వస్తుంది."

ఆయన ఎప్పుడూ అంతే. మనం ఒకటి అడిగితే ఆయన ఇంకోటి చెప్తారు. కచేరీల మోజు ఆయనకు నచ్చదు, అందుకే మాట దాటవేశారు. ఇక లాభం లేదని ఆహ్వానం కార్డు చేతిలో పెట్టాను. కళ్ళజోడు వెతికి పెట్టుకుని, అచ్చుతప్పులు దిద్దేవాడిలా చదివారు.

"నువ్వా?"

"నేనేనండీ."

"వెనక వరసలో కూర్చుంటాను" అన్నారు.

వస్తారన్నందుకు సంతోషంగానే ఉంది. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

ఫిబ్రవరి 21

బావమరిది వచ్చాడు. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ మైకులు, స్పీకర్లు అద్దెకిస్తాడు. వాడికి ప్రపంచంలో అన్ని సమస్యలకూ మందు ఒకటే.

"బావా, ఒక్క మైకు. ఇంతే ఉంటుంది, వేలెడంత. నీ కుర్చీ కింద పెడతా. ఎవడికీ కనపడదు."

"నాకు కనపడుతుంది."

"నువ్వు కళ్ళు మూసుకునేగా వాయించేది!"

"వద్దన్నానా?"

"నాలుగు వందల సీట్లు బావా. డప్పంత స్పీకర్లు పెట్టినా వెనకవాళ్ళు వినపడట్లేదని తగాదా పెట్టుకుంటారు. నీదేమో ఉత్త చెక్కపెట్టె. అక్కా, నువ్వన్నా చెప్పవే!"

వాళ్ళక్క, "నేను చెప్తే వినే మనిషైతే ఈపాటికి వాషింగ్ మెషీన్ నొక్కడం నేర్చుకునేవారు" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను లోపలికెళ్ళి సాధన చేసుకున్నాను. తలుపు వేసుకుని.

ఫిబ్రవరి 26

గట్టి తీగలు వేయించి, వాటిని గిటార్ మెడ మీద ఉండే మెట్ల నుంచి ఇంకొంచెం ఎత్తించాను. బలంగా మీటినప్పుడు తీగ మెట్టుకు తగిలి గరగరమనకూడదంటే అంతకంటే దారి లేదు. గిటార్లు బాగుచేసేవాడు, "ఇంతకంటే ఎత్తితే బాణాలు వేసుకోవాలి సార్" అన్నాడు. వాడికి హాస్యం ఎక్కువ, పని తక్కువ.

ఎత్తు తీగల్ని నొక్కి నొక్కి ఎడమ చేతి వేళ్ళు వాచాయి. మా ఆవిడ వేడినీళ్ళు పెట్టి కాపడం పెట్టింది. కాపడం పెడుతున్నంతసేపూ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే నాకు భయం.

మార్చి 4

ఉంగరపు వేలి గోరు నిలువునా చీలింది. పింగ్‌పాంగ్ బంతిని గోరంత ముక్క కత్తిరించి జిగురుతో అతికించాను. గిటార్ వాళ్ళలో ఇది మామూలే. పక్కింటి పిల్లలు బంతి కోసం సందంతా వెతుకుతున్నారట. మా ఆవిడ నా వైపు చూసింది. నాకేం తెలుసు అన్నాను.

మార్చి 9

వాయించాను. వచ్చిందనిపించింది. మళ్ళీ వాయించాను. రాలేదనిపించింది.

మార్చి 14, శుక్రవారం

హాలులో రిహార్సల్. మా ఆవిడని చివరి వరసలో కూర్చోబెట్టి రెండు పీసులు వాయించి అడిగాను.

"వినపడిందా?"

"వినపడింది."

"ఎంత?"

"అంతా. మధ్యలో మీరు ముక్కు ఎగబీల్చింది కూడా."

నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అలా అంటోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నా మనసు కష్టపెట్టడానికి వెనకాడిన సందర్భం ఇంకొకటి గుర్తు రావడం లేదు. అయినా కారణం అదే అయ్యుంటుంది.

హాలులో ఏసీ గుర్రుమంటోంది. ఆ గుర్రు మీద నా మెత్తని స్వరాలు బతకవు. కచేరీ అయ్యేదాకా కట్టేయమన్నాను. మేనేజరు, "కిటికీలు కూడా లేవు సార్ ఇక్కడ" అన్నాడు. సంగీతం కోసం జనం ఆమాత్రం ఓర్చుకోరా అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. జాలి నా మీదో జనం మీదో తెలియలేదు.

మార్చి 21

నిద్ర పట్టదని ముందే తెలుసు కాబట్టి బెంగ లేదు.

మార్చి 22

అయిపోయింది. రేపు రాస్తాను.

మార్చి 23, ఆదివారం

సగం పైగా నిండింది. నా స్కూలు పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, మా ఆవిడ తరఫువాళ్ళు, కొందరు తెలియనివాళ్ళు. ఈ తెలియనివాళ్ళే నాకు ముఖ్యం. ఏసీ కట్టేశారు. మొదటి పీసు సగంలోనే జనం ప్రోగ్రాం కాగితాలతో విసురుకోవడం మొదలుపెట్టారు. అన్ని కాగితాలు ఒక్కసారి ఊగితే ఏసీయే నయమనిపించింది.

గురువుగారు చివరి వరసలో, చివరి సీట్లో. పక్కన బావమరిదిని కూర్చోమన్నాను, పెద్దాయన లేవాలన్నా కూర్చోవాలన్నా చెయ్యి అందిస్తాడని.

మూడో పీసు చాలా నెమ్మదైనది. కాగితాలు కూడా ఆగిపోయాయి. అందులో ఒక చోట స్వరం దానంతటదే పూర్తిగా ఆరిపోయేదాకా ఆగాలి. ఆగాను. హాలంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు చివరి వరసలోంచి గురువుగారి గొంతు, గోడలు అదిరేలా:

"మొదలెట్టాడా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు మాత్రం అర్థమైంది. ఇంతసేపూ నేను చేసింది సంగీతం లెక్కలోకి రాదని ఆయన భావం. మూడో పీసులో ఉన్నవాణ్ణి ఇంకా మొదలే పెట్టలేదనడం! అంత సూక్ష్మమైన విమర్శ నా జన్మలో వినలేదు. చెవులు వేడెక్కిపోయాయి.

దాంతో పళ్ళు బిగించి బాదాను. ట్రెమొలో మధ్యలో పింగ్‌పాంగ్ గోరు ఊడి ఎగిరి మొదటి వరసలో ఒకావిడ ఒళ్ళో పడింది. ఉన్న వేళ్ళతో లాక్కొచ్చాను. ఎలా వాయించానో నాకే తెలియదు, చేతులు పరిగెడుతుంటే వెనకాల నేను పరిగెత్తాను. చివర్లో జనం లేచి నిలబడ్డారు. ఏసీ వేసినందుకు కూడా కావచ్చు. ఒళ్ళో గోరు పడ్డావిడ దాన్ని రుమాల్లో చుట్టి తెచ్చి, "మీదేనాండీ?" అని ఇచ్చింది.

మేనేజరు పరుగున వచ్చాడు. "సార్, ఒక్కరు కూడా మధ్యలో లేచిపోలేదు! మా సంస్థకి ఇంకో మూడు ఊళ్ళలో హాళ్ళున్నాయి. ఈ ఏడాదిలోనే పెట్టేద్దాం" అన్నాడు. సరేననబోతున్నాను. అప్పుడు గురువుగారు బావమరిది చెయ్యి పట్టుకుని మెల్లగా వచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"రాలేదురా" అన్నారు. "ఇప్పటికీ రెండో వరస దాటలేదు."

అందరికీ వినపడింది. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దదే. ఒక్క నిమిషం ముందు నా రెండు చేతులూ పట్టుకుని అద్భుతం, అద్భుతం అన్న ఒక పిల్లాడి తండ్రి, "నాకూ అక్కడక్కడ అలాగే అనిపించిందండీ" అన్నాడు.

కారులో బావమరిది ఊరుకోలేదు. "బావా, ఆయన పక్కనే కదా నేను కూర్చుంది. ప్రతి ముక్కా వినపడింది. రెండు మూడు చోట్ల నేనే చెవులు మూసుకున్నా."

"నీవి స్పీకర్లకి అలవాటు పడ్డ చెవులు."

"మరి అక్కవి?"

"అక్కకి నా మీద అభిమానం."

మా ఆవిడ కిటికీ వైపు తిరిగి, "అది ఈ మధ్య లేదు" అంది. నేను నవ్వలేదు. నవ్వే స్థితిలో లేను. తల కొట్టేసినట్టుంది.

మార్చి 25

మేనేజరు ఫోన్ చేశాడు. మూడు ఊళ్ళకీ రానని చెప్పాను. ఆరోగ్యం బాగాలేదన్నాను. ఏమైందంటే చెప్పలేకపోయాను.

ఇక వాయించను. ఏ బాధా లేదు. ఎప్పుడో తీసుకోవాల్సిన నిర్ణయం.

సాయంత్రం గోళ్ళు కత్తిరించేశాను. అయిదూ. తరవాత వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు నేను తోముతాను జరుగు అన్నాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూసింది. నేను ఎకసెక్కం చేస్తుందనుకున్నాను. ఏడ్చింది. గిన్నెలు ముట్టుకోనివ్వలేదు.

మార్చి 26

స్కూలు. పిల్లలకు పాఠం. గోళ్ళు లేకుండా చెప్పడానికి ఇబ్బందేమీ లేదు. పిల్లలెవరూ గమనించలేదు.

మార్చి 29, శనివారం

మానేస్తున్నానని ఆయనకు చెప్పడం మర్యాద. అందుకని వెళ్ళాను. అంతకుమించి ఏమీ లేదు. వద్దురా, ఇంకో ఏడాది చూడు అని ఆయన అంటారేమో అని ఆశపడలేదు.

తలుపు వాళ్ళమ్మాయి తీసింది. నేను నేర్చుకునే రోజుల్లో మేడ మీద గదిలో చదువుకుంటూ ఉండేది, అప్పటి నుంచీ అక్కా అనే పిలుస్తాను. కాలేజీలో పాఠాలు చెప్తుంది. పెద్దాయన పెరట్లో కుండీల దగ్గర వంగి ఉన్నారు, మా వైపు వీపు.

"ఏరా, కచేరీ బాగా జరిగిందటగా! నాన్న సరదాపడి వచ్చాడు. ఒక్కముక్క వినపడదు, ఎందుకు నాన్నా అన్నా వినలేదు. వేళ్ళు చూస్తానన్నాడు. తీరా చూస్తే వెనక వరసలోంచి అవీ కనపడలేదట."

"వినపడకపోవడమేంటక్కా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. తరవాత పెరటి వైపు తిరిగి, "నాన్నా!" అని గట్టిగా అరిచింది. పక్కింటివాళ్ళ కుక్క మొరిగింది. పెద్దాయన తల తిప్పలేదు.

"నీకు తెలీదా? ఒరేయ్, నిజంగా తెలీదా? ఎన్నేళ్ళయిందని! మీరందరూ తెలిసే ఆయన్ని సంతోషపెట్టడానికి వస్తున్నారనుకున్నా. మిషను కొనిపెడితే, సంగీతం చెప్పేవాడి చెవిలో మిషనేంటని సొరుగులో పడేశాడు."

"ఎప్పటి నుంచి?"

"మొదలైంది అప్పుడే, నువ్వు వచ్చే రోజుల్లోనే. ముందు మెత్తని చప్పుళ్ళు పోయాయి. బయటికి తెలిస్తే పిల్లలు రారని ఎవరికీ చెప్పనిచ్చేవాడు కాదు. వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంటే ఎవరూ ఏమీ అడగరుగా."

ఒకటే అడిగాను. "అక్కా, నేను వాయిస్తే... నీకు వినపడేదా? మేడ మీదికి?"

"వినపడటమేంట్రా, చదువుకోనిచ్చావా? దిండు నెత్తిన పెట్టుకునేదాన్ని."

ఆయనకు చెప్పకుండానే వచ్చేశాను.

మార్చి 30

పొడుగోడికి వచ్చింది, నాకు రాలేదు. పొడుగోడు మూడేళ్ళు ముందు చేరాడు. అంతే తేడా.

మార్చి 31

ఇవాళంతా కోపంగా ఉంది. ఎవరి మీదో తేల్చుకోలేకపోతున్నాను. వినపడనివాడి మీద కోపం తెచ్చుకుంటే ఆయనకు ఎలా తెలుస్తుంది? నా మీద తెచ్చుకుందామంటే ఇన్నేళ్ళుగా అదే పని చేస్తున్నాను. తీగలు ఎత్తించింది నేను, బాదింది నేను. కచేరీ ఒప్పుకోవడానికి పదకొండేళ్ళు జంకింది నేను. స్కూల్లో పిల్లలకు "గట్టిగా, ఇంకా గట్టిగా" అని నేర్పుతున్నది కూడా నేనే. తీర్పు చెవిటి ఆయనది, దాన్ని అమలు చేసింది మాత్రం నేను.

ఏడుపొచ్చింది. ఏడ్చాను.

ఏప్రిల్ 2

మా ఆవిడకు చెప్పాను. అంతా విని, "నేను చెప్పలేదా వినపడిందని?" అంది.

"చెప్పావు."

"మా తమ్ముడు చెప్పలేదా?"

"చెప్పాడు."

"మేం చెప్తే మీకు లెక్కలేదు. వినపడని ఆయన చెప్తే వేదవాక్కు."

ఒకటి మాత్రం ఆవిడకు చెప్పలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను. ఇంత తెలిశాక కూడా నా ధ్వని సంగతి నాకు తేలలేదు. అక్క దిండు పెట్టుకుందంటుంది, ఆవిడకు సంగీతం రాదు. వీళ్ళకు వినపడితే సరిపోతుందా? వినపడిందని ఆయన అనాలి. ఆయన చెవి మీద తప్ప ఇంకే చెవి మీదా నాకు నమ్మకం లేదు. ఇది పిచ్చి అని తెలుసు. తెలిసి రాస్తున్నాను.

ఏప్రిల్ 4

రేపు వెళ్ళి అడిగేస్తాను. మొహమ్మీదే. ఏమని అడగాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. మాటలతో లాభం లేదుగా.

ఏప్రిల్ 5, శనివారం

గిటార్ ఎందుకు పట్టుకెళ్ళానో తెలియదు. పెట్టె చేతిలో ఉంటే నడక తిన్నగా సాగుతుంది, అంతే.

గురువుగారు ముందు గదిలోనే ఉన్నారు. జేబులో కాగితం మీద చెయ్యి వేశాను. ఈలోపు ఆయన చూపు గిటార్ పెట్టె మీద పడింది. ఆ ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. నన్ను చూసి ఎప్పుడూ అలా వెలగలేదు. "వాయిస్తావా? కూర్చో, కూర్చో" అని, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళి మధ్య తలుపు వేసుకున్నారు. మోకాలి నొప్పితో ఆ నాలుగడుగులు నడవడానికే ఎంతో అవస్థ పడ్డారు. అయినా వెళ్ళారు, తలుపు జాగ్రత్తగా లాగారు.

కూర్చున్నాను. గిటార్ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ తలుపు చూస్తే ఒళ్ళు మండిపోయింది. నా వయసులో సగం ఆ తలుపు వెనకాల పోయింది. సరే, ఇవాళ చూద్దాం అనుకున్నాను. కుడిచెయ్యి తీగల మీదికి పోనివ్వలేదు. మోకాలి మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఒక పీసుకు ఎంతసేపు పడుతుందో అంతసేపూ. లోపల గిన్నె మీద మూత కదిలిన చప్పుడు. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. నాకు అన్నీ వినపడుతున్నాయి.

కాసేపటికి కోపం చల్లారింది. దానికి బదులు ఏమొచ్చిందో తెలియదు. ఎడమచేతి వేళ్ళు మెట్ల మీద వాటంతటవే నడుస్తున్నాయి.

తలుపు తెరుచుకుంది. ఆయన గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి, ఉల్లిపాయలు కోస్తున్నారేమో తెలియదు.

"వచ్చిందిరా" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను.

"చూశావా? బాదడం మానేశావు, ఎంత చక్కగా వచ్చిందో! చిట్టచివరి స్వరం కూడా వచ్చింది. ఇన్నేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదేరా!"

ఆయన చెవుల సంగతి నాకు తెలుసు. తీగ మీటలేదనీ తెలుసు. అయినా ఆ మాట వినగానే సిగ్గు లేకుండా సంతోషం వేసింది. ఏడేళ్ళు ఎదురుచూసి, ఆ తరవాత ఇన్నేళ్ళు ఎదురుచూడటం లేదని నటించిన మాట. ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆయన నా వీపు నిమురుతూ, "ఆలస్యమైతే ఏం, వచ్చిందిగా" అన్నారు. జేబులో కాగితం జేబులోనే ఉంది.

దారిలోనే మేనేజరుకు ఫోన్ చేసి మూడు ఊళ్ళకూ వస్తానన్నాను. గోళ్ళు పెరగడానికి రెండు నెలలు వ్యవధి అడిగాను. ఏసీ గురించి అడిగితే, వేసుకోండి అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. గురువుగారు వచ్చిందన్నారు అని. ఆవిడ ఒక్క క్షణం నా ముఖం చూసింది, ఆయనకెలా వినపడిందని అడగలేదు. మంచి మనిషి.

"ఏం వాయించారేంటి?" అంది.

ట్రెమొలో అన్నాను. అబద్ధమేమీ కాదు, మనసులో నడిచింది అదే. మొదటి నుంచి చివరి దాకా ఒక్క స్వరం కూడా తప్పలేదు.